‘ఫుల్ సైజు’ కారు – ఒక మాట కథ

భాషాచరిత్రలో అర్థపరిణామమనే అధ్యాయం ఒకటున్నది. నువ్వుల నుండి తీసిన దానికే మొదట చెల్లిన ‘నూనె’ అనే మాట కాలక్రమంలో కొబ్బరికీ, వేరుసెనగకూ కూడా వ్యాపించింది. బడిలో ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పిన నాకు అమెరికా అద్దెకార్ల పట్టికలో మరొక ఉదాహరణ దొరికింది. అదే ‘ఫుల్ సైజు’. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి నయాగరా ప్రయాణానికి బండి మాట్లాడుతూ, “ఐదుగురమే కదా నాన్నా, ఫుల్ సైజు చాలదూ?” అన్నది. చాలునా, చాలదా అన్నది ఆ మాట చరిత్ర తెలిస్తే గాని తేలదు.

1918లో వాల్టర్ జేకబ్స్ అనే యువకుడు షికాగోలో 12 ఫోర్డ్ మోడల్-టీ కార్లతో అద్దె వ్యాపారం ఆరంభించాడు. 1923లో దానిని జాన్ హెర్ట్జ్ కొన్నాడు. ఆ తొలి బండ్లన్నీ ఒకే రకం గనుక ఎంపిక అనే చిక్కే లేదు. 1960 ప్రాంతంలో అక్కడి పెద్ద కంపెనీలు చిన్నకార్లను దింపిన తరువాతనే, అంతవరకు ఉత్త ‘కారు’గా ఉన్నదానికి ఒక విశేషణం కావలసివచ్చింది.

ఆనాటి ఫుల్ సైజు నిజంగా పెద్దదే. 1976 నాటి షెవ్రొలే ఇంపాలా పొడవు పద్దెనిమిదిన్నర అడుగులు. మన అంబాసిడర్ సుమారు 14 అడుగులే! ముందు ముగ్గురు, వెనుక ముగ్గురు బల్ల మీద కూర్చున్నట్లు కూర్చునేవారు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టడంతో ఆ వైభవానికి దెబ్బ తగిలింది. 1977లో జనరల్ మోటార్స్ ఇదే ఇంపాలాను పది అంగుళాలకు పైగా కుదించింది. పేరు మాత్రం కుదియలేదు. 2020లో ఇంపాలా తయారీయే ఆగిపోయింది.

ఈనాడు అద్దెకొట్టులో ఫుల్ సైజు అడిగితే తరచుగా ఇచ్చేది టొయోటా కామ్రీ వంటి బండి. అమెరికా ప్రభుత్వపు కొలతలో లోపలి చోటు, సామాను చోటు కలిపి 120 ఘనపుటడుగులుంటేనే పెద్దకారు. ఆ లెక్కన కామ్రీ మధ్యరకమే. ప్రభుత్వం మధ్యరకమన్నదానిని అంగడి పెద్దదంటున్నదన్నమాట.

ఇక లెక్క చూడండి. విమానంలో మనవాళ్ళు తెచ్చుకొనే పెద్దపెట్టె 30 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 12 మందం అనుకొంటే నాలుగు ఘనపుటడుగులు దాటుతుంది. కామ్రీ డిక్కీ సుమారు 15. నాలుగు పెట్టెలు కాగితం మీదనే పట్టవు. పెట్టెలు పిండిముద్దలు కావు గనుక మూడు పట్టడమూ అనుమానమే. వెనుక సీటులో నడుమ కూర్చున్నవారి మోకాళ్ళ సంగతి వేరే చెప్పాలా? నలుగురికి, రెండు పెద్దపెట్టెలకు అది హాయైన బండి. ఐదుగురు పెద్దవాళ్ళకు మినీవ్యానే మేలని నేనన్నాను. అద్దె కొంత హెచ్చు, పెట్రోలూ హెచ్చే.

మరొక సంగతి. పట్టికలో బొమ్మ కింద ‘లేదా అటువంటిది’ అని ఉంటుంది. ఒప్పందం తరగతికే గాని ఆ బొమ్మలోని బండికి కాదు. తరగతికి నాలుగక్షరాల సంకేతముంటుంది. ఎఫ్‌సీఏఆర్ అంటే ఫుల్ సైజు, మామూలు కారు, ఆటోమేటిక్ గేరు, ఏసీ. మినీవ్యాను సంకేతం ఎంవీఏఆర్. అందులో మొదటి అక్షరానికి అర్థం ‘మినీ’!