మూలన పడ్డ చిన్న కంప్యూటర్‌కి పని దొరికింది!

నా చేతిలో ఉన్నది చూడండి. ఇంచుమించు ఏటీఎం కార్డంత సైజు. పచ్చరంగు బోర్డు, రెండు యూఎస్‌బీ పోర్టులు, ఒక నెట్ కేబుల్ పోర్టు. దీని పేరు రాస్ప్‌బెర్రీ పై. అందులోనూ మొట్టమొదటి తరం, మోడల్ బి.

మా అన్నయ్య ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం కొన్నాడు. ప్రాజెక్టు అయిపోయింది, వాడికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కూడా అయిపోయింది. ఇది మాత్రం అటక మీద చెప్పుల డబ్బాలో ఉండిపోయింది. దసరాకి ఇల్లు దులుపుతుంటే అమ్మకి కనబడింది. "పాత సామాన్లవాడికి వేసేయనా?" అంది. "ఆగమ్మా" అన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే ముందు దీని చరిత్ర చెప్పాలి. మీ ఫోన్‌కి కూడా సంబంధం ఉన్న చరిత్రే, వినండి.

1981లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే చిన్న కంపెనీ బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ చేసింది. బీబీసీ టీవీ చానల్ జనానికి కంప్యూటర్ నేర్పే కార్యక్రమం పెట్టుకుంది, దానికోసం అన్నమాట. అందులో మోడల్ బి మెమరీ ఎంతో తెలుసా? 32 కిలోబైట్లు. మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. మన దేశంలో 1984లో స్కూళ్ళ కోసం మొదలైన క్లాస్ ప్రాజెక్టులో వాడింది కూడా ఈ బీబీసీ మైక్రోలనే.

తర్వాత ఏకార్న్ వాళ్ళకి ఇంకా వేగమైన చిప్ కావాల్సి వచ్చింది. బయట దొరికేవి నచ్చక సొంతంగా తయారు చేసుకున్నారు. సోఫీ విల్సన్ ఆ చిప్‌కి అర్థమయ్యే ఆదేశాలు రాశారు, స్టీవ్ ఫర్బర్ చిప్ లోపలి నిర్మాణం చూసుకున్నారు. చేతిలో డబ్బు తక్కువ. ఖరీదైన సిరామిక్ తొడుగు కాకుండా చవకైన ప్లాస్టిక్ తొడుగు వేయాలి. వేడెక్కితే ప్లాస్టిక్ తట్టుకోదు. అందుకని కరెంటు చాలా తక్కువ తినేలా డిజైన్ చేశారు.

1985 ఏప్రిల్ 26న మొదటి చిప్ చేతికొచ్చింది, పెట్టగానే పనిచేసింది. ఎంత కరెంటు తింటోందో చూద్దామని ఫర్బర్ మీటర్ పెడితే సున్నా చూపించింది! తీరా చూస్తే, బోర్డు మీద చిప్‌కి కరెంటు అందాల్సిన కనెక్షనే లేదు. మిగతా కాళ్ళ నుంచి లోపలికి వచ్చే కాస్త కరెంటుతోనే అది నడిచేస్తోంది. అదే ఆర్మ్ చిప్. ఇవాళ మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా లోపల నడిచేది ఆ వంశపు చిప్పే. డబ్బు లేక చేసిన పొదుపు, జేబులో పట్టే ఫోన్‌కి దారి వేసింది.

ఇక ఈ బోర్డు సంగతికి వద్దాం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో ఎబెన్ అప్టన్ అనే ఆయన ఒక విషయం గమనించారు. కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేసే పిల్లలు తగ్గుతున్నారు, వచ్చేవాళ్ళకి ప్రోగ్రామింగ్ అలవాటు కూడా తక్కువే. బీబీసీ మైక్రో ఆన్ చేస్తే నేరుగా ప్రోగ్రామ్ రాసుకునే స్క్రీన్ వచ్చేది. తర్వాత వచ్చినవి వాడుకోవడానికే తప్ప విప్పి చూడటానికి కావు. అందుకే పిల్లలు భయం లేకుండా కెలకగలిగే చవకైన కంప్యూటర్ చేద్దామనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకి మోడల్ బి అమ్మకానికొచ్చింది. మోడల్ ఏ, మోడల్ బి అన్న పేర్లు కూడా బీబీసీ మైక్రో గుర్తుగా పెట్టినవే. వేగం 700 మెగాహెర్ట్జ్, మెమరీ మొదట్లో 256 మెగాబైట్లు. 2015 డిసెంబరులో దీని తర్వాతి మోడల్ బి ప్లస్ బోర్డులు రెండు అంతరిక్ష కేంద్రానికి వెళ్ళాయి. పిల్లలు రాసిన ప్రోగ్రాములు అక్కడ నడిచాయి.

సరే, మళ్ళీ మా ఇంటికొద్దాం. నేను చేసిన మొదటి తప్పు ఏంటంటే, దీంట్లో బ్రౌజర్ తెరిచి యూట్యూబ్ పెట్టాను. దూడ మెడ మీద కాడి పెట్టినట్టయింది. హ్యాంగ్! "పనికిరాదు" అనుకుని మళ్ళీ డబ్బాలో పెట్టబోయాను. అప్పుడు ఆ చరిత్రే గుర్తొచ్చింది. దీని బలం వేగంలో లేదు కదా, తక్కువ కరెంటుతో మేలుకుని ఉండటంలో ఉంది. రాత్రి కాపలా కాసే తాతని పరుగు పందెంలో నిలబెట్టి ఓడిపోయాడంటే తప్పు ఎవరిది?

లెక్క చూడండి. 5 వోల్టులు, 700 మిల్లీ ఆంపియర్లు, అంటే గరిష్ఠంగా 3.5 వాట్లు. నెలంతా ఆపకుండా నడిచినా సుమారు రెండున్నర యూనిట్లు. 100 వాట్లు తినే పాత డెస్క్‌టాప్‌ని అలా వదిలేస్తే 72 యూనిట్లు.

మరి రాత్రీపగలూ మేలుకోవాల్సిన పని మా ఇంట్లో ఏముంది? ఉంది. రెండేళ్ళ క్రితం నా ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని వస్తే, చూసుకోకుండా పాత వీడియోలు తీసేశాను. అందులో తాతయ్య మాట్లాడిన వీడియోలు ఉన్నాయి. ఆ సంగతి గుర్తొచ్చేసరికి తాతయ్య లేరు. అమ్మతో ఈ మాట చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అందుకని దీన్ని మా ఇంటి ఫోటోల పెట్టె చేశాను. 32 బిట్ లైట్ ఓఎస్ వేశాను, అంటే డెస్క్‌టాప్ బొమ్మలేమీ ఉండవు. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, రౌటర్‌కి కేబుల్ కలిపాను. రాత్రి ఇంట్లో ఫోన్లు వైఫైలో ఉన్నప్పుడు కొత్త ఫోటోలు దీంట్లోకి వెళ్ళిపోతాయి. పెద్ద వీడియోలకి టైం పడుతుంది. పట్టనీయండి, మనం నిద్రపోతుంటాం కదా!

మూడు జాగ్రత్తలు. ఒకటి, సొంత అడాప్టర్ ఉన్న హార్డ్ డిస్కే పెట్టండి, ఈ బోర్డు నుంచి డిస్క్‌కి సరిపడా కరెంటు రాదు. రెండు, ప్లగ్ పీకే ముందు షట్‌డౌన్ చేయండి, లేకపోతే మెమరీ కార్డు పాడవ్వచ్చు. అందుకే ఫోటోలు కార్డులో కాదు, డిస్క్‌లో ఉంచండి, ఇంకో చోట రెండో కాపీ కూడా ఉండాలి. మూడు, పాస్‌వర్డ్ మార్చండి, అప్‌డేట్లు వేయండి. 2018లో నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో అనుమతి లేకుండా తగిలించిన ఒక రాస్ప్‌బెర్రీ పై ద్వారానే హ్యాకర్లు దూరి, దాదాపు 500 మెగాబైట్ల డేటా పట్టుకుపోయారు. చిన్నదే కదా అని వదిలేయకండి.

ఇంకా చాలా పనులున్నాయి. పై-హోల్ పెడితే ఇంట్లో అన్ని ఫోన్లకీ చాలా ప్రకటనలు ఆగుతాయి. ఫ్లోట్ స్విచ్ కలిపితే ట్యాంకు నిండిందని చెబుతుంది. పని ఎంచుకునేటప్పుడు "ఇది ఎంత వేగం?" అని కాదు, "రోజంతా మేలుకుని చేయాల్సిన చిన్న పని ఏముంది?" అని అడగండి.

మా పిన్ని ఫోన్‌లో, ఒక పెళ్ళి వీడియోలో, తాతయ్య పదకొండు సెకన్లు మాట్లాడారు. "భోజనాలు చేశారా?" అని ఎవరినో అడుగుతున్నారు. ఈ పెట్టెలో నేను పెట్టిన మొదటి ఫైలు అదే. అమ్మ ఇప్పుడు దీన్ని పాత సామాన్లవాడికి వేస్తానని అనట్లేదు. దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతోంది. "వేడెక్కుతుందమ్మా, తియ్యి" అని రోజూ నేనే తీస్తున్నాను.

మీ ఇంటి అటక మీద ఏముందో చూసి కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.