ఉత్తర తెలంగాణ ఉక్కు, ఆయుధ పరిశ్రమ

ఉత్తర తెలంగాణ ఉక్కు, ఆయుధ పరిశ్రమ అనగా పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాలలో గోదావరి నదికి ఇరువైపులా 19వ శతాబ్దం వరకు సాగిన ఇనుము, ఉక్కు తయారీ మరియు దానిపై ఆధారపడిన ఆయుధాల తయారీ. నిర్మల్, కోనసముద్రం, కోనాపురం, ఇబ్రహీంపట్నం ఇందులో ముఖ్య కేంద్రాలు. డమాస్కస్ కత్తులుగా ప్రసిద్ధి గాంచిన కత్తులకు వాడిన ఉక్కులో కొంత ఈ ప్రాంతం నుండే వెళ్ళినది. ఉక్కు పేరు దేశదేశాలకు ప్రాకినను, దానిని చేసిన కమ్మరుల పేర్లు చరిత్రలో దాదాపుగా నమోదు కాలేదు.

ముడి సరుకు

ఈ ప్రాంతపు వాగులలో అయస్కాంత ఖనిజం కలిసిన నల్లని ఇసుక, ఎర్రమట్టి నేలలలో మరొక రకం ఇనుప రాయి లభించేవి. చుట్టుప్రక్కల అడవుల నుండి బొగ్గు సమకూరేది. ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసేవారిని ముద్ద కమ్మరులని పిలిచేవారు.

ఉక్కు తయారీ విధానం

కోనసముద్రంలో రెండు రకాల ఇనుమును కలిపి ఉక్కు చేసేవారు. ఊక కలిపిన మట్టితో మూసలు చేసి, వాటిలో ఇనుప ముక్కలు వేసి, మూత పెట్టి మట్టితో మూసివేసేవారు. ఈ మూసలను కొలిమిలో పేర్చి, మనుషులు వంతులవారీగా తిత్తులు ఊదుచుండగా, సుమారు 24 గంటలు కాల్చేవారు. తరువాత నెమ్మదిగా చల్లార్చి, లోపలి ఉక్కు ముద్దను తీసి, పెళుసుతనం తగ్గుటకు మరల మరల వేడి చేసేవారు. ఇటువంటి ఉక్కులో సుమారు 1 నుండి 2 శాతం కర్బనం ఉండును. దానిని తక్కువ వేడిలో సాగగొట్టినప్పుడే కత్తిపై నీటి అలల వంటి చారలు ఏర్పడును. వేడి మించినచో చారలు చెదరిపోవును.

వర్తకం

17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ గోల్కొండ రాజ్యపు ఉక్కును గురించి వ్రాసినాడు. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయిసీ కోనసముద్రం వచ్చి అక్కడి పనిని స్వయంగా పరిశీలించినాడు. ఆయన 1824లో మరణించగా, ఆ వివరణ 1832లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఇస్ఫహాన్ నుండి ఉక్కు కొనుటకు వచ్చిన హాజీ హుస్సేన్ అను వర్తకుని పేరు అందులో ఉన్నది. ఐరోపాలో ఈ ఉక్కును ఊట్జ్ అన్నారు. ఇది ఉక్కు అను ద్రావిడ పదం నుండి వచ్చినదని పలువురి అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ లండన్ రాయల్ సొసైటీలో దీనిపై పత్రం సమర్పించినాడు.

తుపాకులు, ఫిరంగులు

దక్కనులో వాడిన తుపాకులలో పొడవైన గొట్టం గల జామగి తుపాకి ముఖ్యమైనది. మందు, గుండు ముందువైపు నుండి దట్టించి, వెలుగుచున్న వత్తితో దీనిని పేల్చేవారు. ముందు నుండి మందు దట్టించే నాటు తుపాకులకు తెలంగాణలో భర్మార్ అను పేరు కలదు. కత్తికి పనికివచ్చే గట్టి ఉక్కు గొట్టానికి అంతగా పనికిరాదు. అది పెళుసు కావడం వలన పగిలే ప్రమాదం ఉన్నది. అందుచే గొట్టానికి మెత్తని ఇనుప బద్దీలను కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి, సమ్మెటతో అతికేవారు. ఇనుము, ఉక్కు బద్దీలను పేనినచో గొట్టంపైన కూడా చారలు కనిపించేవి.

18వ శతాబ్దంలో నిర్మల్‌లో ఫిరంగులు పోత పోసే కార్ఖానా ఉండేది. ఐరోపా పద్ధతిలో కట్టిన జగిత్యాల కోట బురుజులపై నేటికీ ఫిరంగులు కలవు. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా తోప్ కా సాంచా అను పేరుతో ప్రసిద్ధి చెందినది. గన్ ఫౌండ్రీ అను వీధి పేరు దాని నుండి వచ్చినదే.

ఇదే శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జర్మనీ నుండి వలస వచ్చిన పనివారు పొడవాటి రైఫిళ్ళు చేసేవారు. ఆ గొట్టాలు కూడా మెత్తని ఇనుమును కడ్డీపై అతికి చేసినవే. అయితే లోపల మెలికల గాళ్ళు చెక్కుట వలన గురి మెరుగైనది. జామగి తుపాకుల గొట్టాలు ఎక్కువగా లోపల నునుపుగా ఉండేవి. లాంకాస్టర్‌కు చెందిన జాకబ్ డికర్ట్ (1740–1822) వంటి పనివారు గొట్టంపై తమ పేరు చెక్కేవారు. కాబట్టి వారి పనిని నేటికీ పేరుతో గుర్తించవచ్చును. కోనసముద్రం ఉక్కు ముద్దపై చేసినవాని పేరు లేదు. వోయిసీ కథనం వలన కొనుగోలుదారుని పేరు నిలిచినది.

క్షీణత

1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చిన తరువాత విదేశీ ఉక్కు చౌకగా దిగుమతి అయినది. అడవులపై ఆంక్షల వలన బొగ్గు దొరకుట కష్టమైనది. కొలిమిపని తెలిసినవారు క్రమంగా వ్యవసాయ పనిముట్ల తయారీకి, ఇతర వృత్తులకు మరలినారు.

అవశేషాలు

అనేక గ్రామాలలో చిట్టెపు కుప్పలు, మూస పెంకులు కనిపించును. థెల్మా లోవ్ కోనసముద్రం మూసలను పరిశోధించినారు. 2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో క్షేత్ర పరిశీలన జరిపినవి. పొలాల చదును వలన చిట్టెపు కుప్పలు తొలగిపోవుచున్నవి. పేర్లు మిగలని ఈ పనివారి చరిత్రకు ఈ కుప్పలే ముఖ్యమైన ఆధారాలు.