డొమైన్ ఒకచోట, హోస్టింగ్ మరోచోట... కలపడం ఎలా?

వెబ్‌సైట్ పేరును, అంటే డొమైన్‌ను ఒక కంపెనీ దగ్గర కొని, సైట్ ఫైళ్లను మరో కంపెనీ సర్వర్‌లో పెట్టుకోవడం మామూలే. పేరు అమ్మేది రిజిస్ట్రార్. ఫైళ్లకు చోటిచ్చేది హోస్టింగ్ సంస్థ. ఈ రెంటినీ కలిపేది 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించిన డీఎన్‌ఎస్. మనం టైప్ చేసిన పేరుకు ఏ ఐపీ అడ్రస్ ఉందో బ్రౌజర్‌కు చెప్పేది ఇదే.

మార్పు ఏదైనా రిజిస్ట్రార్ ఖాతాలోంచే మొదలవ్వాలి. ఆ ఖాతా సైట్ తయారుచేసిన డిజైనర్ పేరిట ఉంటే, ముందు దాన్ని యజమాని పేరిటకు మార్పించుకోవాలి. డిజైనర్‌తో మాట తేడా వచ్చాక అది తేలిక కాదు.

కలపడానికి రెండు దారులున్నాయి. హోస్టింగ్ సంస్థ ఇచ్చిన నేమ్ సర్వర్ల పేర్లను రిజిస్ట్రార్ ఖాతాలో నమోదు చేయడం మొదటిది. దీంతో డొమైన్ రికార్డులన్నీ కొత్త సంస్థ చేతికి వెళతాయి. నేమ్ సర్వర్లను కదపకుండా ‘ఎ’ రికార్డులో ఐపీ అడ్రస్‌ను మాత్రమే మార్చడం రెండోది. ఐపీవీ6 కోసం పాత ‘క్వాడ్ ఎ’ రికార్డు ఉంటే దాన్నీ మార్చాలి, లేదా తీసేయాలి. లేకపోతే కొందరికి పాత సైటే కనిపిస్తుంది.

కొత్త సైట్‌కు మొదటి దారే సులువు. అయితే అదే డొమైన్ మీద ఆఫీసు ఈమెయిల్ నడుస్తుంటే చిక్కు ఇక్కడే. మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాత నేమ్ సర్వర్లలోనే ఉండిపోతాయి. కొత్తచోట వాటిని మళ్లీ రాయకపోతే సైట్ చక్కగా తెరుచుకుంటుంది, మెయిళ్లు మాత్రం రావు. సైట్ పనిచేస్తోంది కదా అని ఎవరికీ అనుమానం రాదు. ఈలోగా ఆర్డర్లు, బిల్లులు పంపినవారికే తిరిగి వెళుతుంటాయి. మెయిల్ అసలైనదేనని నిరూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులదీ ఇదే కథ. అవి లేకపోతే ఆఫీసు పంపే మెయిళ్లు స్పామ్‌లో పడొచ్చు. అందుకే మెయిల్ నడుస్తున్నచోట రెండో దారే మేలు. తప్పనిసరై నేమ్ సర్వర్లే మార్చాల్సివస్తే పాత రికార్డులన్నీ ముందే కాపీ చేసుకోవాలి.

తెలుగులో ‘.భారత్’ పేరు కొన్నవారికి మరో చిన్న విషయం: డీఎన్‌ఎస్ లోపల ఆ పేరు ‘ఎక్స్‌ఎన్’తో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల రూపంలో ఉంటుంది. కొన్ని హోస్టింగ్ ప్యానెళ్లలో అదే ఇవ్వాలి.

మార్పు అందరికీ ఒకేసారి కనిపించదు. ఇంటర్నెట్ కంపెనీల సర్వర్లు పాత జవాబును కొంతసేపు దాచుకుంటాయి. ఎంతసేపన్నది టీటీఎల్ చెబుతుంది. అది 86400 సెకన్లుగా ఉంటే ఒక రోజు. ‘ఎ’ రికార్డు మార్చేవారు ముందురోజే దాన్ని 300కు తగ్గిస్తే ఐదు నిమిషాలకు దిగుతుంది. నేమ్ సర్వర్ల విషయంలో ఈ గడువును రిజిస్ట్రీయే నిర్ణయిస్తుంది కాబట్టి ఒకటి రెండు రోజులు ఆగాల్సిందే. అప్పటిదాకా పాత హోస్టింగ్‌ను రద్దు చేయకూడదు.