జప్తు జాబితాలో తాకట్టు చీటీలు

1728 మొదట్లో, నాన్‌జింగ్. రాజుగారి పట్టునేత కార్ఖానాల అధికారి త్సావ్ ఫూ ఇంటి తలుపులకు సీళ్లు పడ్డాయి. ఖజానా బాకీ తీర్చలేదన్నది ఒక నేరం. సొత్తు గుట్టుగా వేరేచోటికి తరలిస్తున్నాడన్నది ఇంకొకటి. సీళ్లు వేయించింది యోంగ్‌జెంగ్ చక్రవర్తి ఫర్మానా.

ఒక గుమాస్తా చదువుతున్నాడు, ఇంకొకడు రాసుకుంటున్నాడు.

"ఇళ్లు 13 చోట్ల. గదులు 483."

"నౌకర్లు?"

"పిల్లాజెల్లాతో కలిపి 114."

"బంగారం?"

బల్లలు, కుర్చీలు, మంచాలు, పాత బట్టలు తేలాయి. వాటితో పాటు ఓ తాకట్టు చీటీల కట్ట. చీటీలు వందకు పైనే.

మాటలు నేను అల్లినవి. లెక్కలు మాత్రం చక్రవర్తికి వెళ్లిన నివేదికలోవే.

మూడు తరాల్లో త్సావ్ ఇంటివారు నలుగురు చేసిన ఉద్యోగమది. ఆ ఇంటి ఇల్లాలు ఒకావిడ కాంగ్‌షీ చక్రవర్తిని పసితనంలో సాకింది. ఆవిడ కొడుకు త్సావ్ యిన్ ఆ చక్రవర్తికి నాలుగుసార్లు ఆతిథ్యమిచ్చాడు. ఏనుగును మేపినట్టే! పెట్టిందంతా ఖజానా సొమ్ము. కాంగ్‌షీ బతికున్నన్నాళ్లూ గట్టిగా అడగలేదు. కొడుకు యోంగ్‌జెంగ్ గద్దెనెక్కాక అడిగాడు.

త్సావ్ యిన్ భార్యకు బీజింగ్‌లో పదిహేడున్నర గదుల ఇల్లు వదిలిపెట్టారు. అంత ఇంట్లో పుట్టిన మనవడు త్సావ్ షూచిన్ చివరికి పడమటి కొండల దగ్గర జావ తాగుతూ, బొమ్మలమ్ముకుంటూ, సారా అప్పు తెచ్చుకుంటూ బతికాడు.

1762 శరత్కాలంలో ఒక తెల్లవారుజామున జోరు వాన. స్నేహితుడు దున్‌మిన్ తోటలో షూచిన్ చలికి వణుకుతున్నాడు. ఇంటాయన ఇంకా లేవలేదు. దాహం మాత్రం ఆగడం లేదు, అదీ సారా దాహం. అప్పుడే వచ్చిన దున్‌మిన్ తమ్ముడు దున్‌చెంగ్ నడుముకున్న కత్తి విప్పి కుదువ పెట్టి సారా తెప్పించాడు. రాజవంశీకుడి కత్తి అది! షూచిన్ పొంగిపోయి పెద్ద పాట కట్టాడు. ఆ పాట మనకు దక్కలేదు.

అప్పటికే ఆయన 'ఎర్ర మేడ కల' నవలను పదేళ్ల పాటు రాసి, ఐదుసార్లు తిరగరాశాడు. కొడుకు పోయిన దిగులుతో కొన్ని నెలలకే తానూ పోయాడు. నవలలో ఒక దాది, చక్రవర్తికి నాలుగుసార్లు మర్యాదలు చేసిన కుటుంబం గురించి చెబుతుంది. ఎవరి కుటుంబమో ఇక చెప్పాలా? 74వ అధ్యాయంలో, కథ నడిచే జియా వారి ఇంటి పెద్దలే ఆడపిల్లల గదులు సోదా చేయిస్తారు. ఒంటిమీద చెయ్యేసిన దాసీ చెంప ఆ ఇంటి అమ్మాయి తాన్‌చున్ పగలగొడుతుంది. ఇల్లు జప్తయ్యే రోజూ వస్తుందని తెగేసి చెబుతుంది.

ఆ రోజు 105వ అధ్యాయంలో వస్తుంది. అయితే 1791లో అచ్చయిన 120 అధ్యాయాల్లో చివరి 40 షూచిన్‌వి కావని చాలామంది పండితుల మాట. జప్తు తర్వాత జైలు గుడి దగ్గర జరిగే ఘట్టం ఆయన రాసే ఉన్నాడు. చదివి ఇస్తామని పట్టుకెళ్లినవాళ్లు ఐదారు భాగాల చిత్తుప్రతి పోగొట్టారని, 1767లో ఒక ఆత్మీయుడు రాతప్రతి అంచున రాసుకున్నాడు.

మీ చేతికి ఈ నవల వస్తే 80వ అధ్యాయం దగ్గర ఒక కాగితం పెట్టుకోండి. షూచిన్ రాత దొరికింది అంతవరకే.