అక్టోబరు ఆపిల్, డెక్ మీద మూకుడు

చెప్పులు గరాజ్‌లో వదిలేసి నేరుగా వంటింట్లోకి వచ్చేయండి. హాల్లో కూర్చుంటానని మొహమాటపడకండి, ఇవాళ పనంతా ఇక్కడే. మిషిగన్‌లో అక్టోబరు ఎండ కంటికి బాగుంటుంది గానీ ఒంటికి ఆనదు. ఆ జాకెట్ మాత్రం విప్పకండి, కాసేపట్లో మళ్ళీ బయటికే వెళ్ళాలి.

కౌంటర్ మీద సంచి చూశారా? పొద్దున తోటలో పిల్లలు కోసుకొచ్చిన ఆపిల్స్. అర బుషెల్ సంచి, అంటే దాదాపు 20 పౌండ్లు, మన లెక్కలో తొమ్మిది కిలోలు. చెట్టు కింద నిలబడి కొరుక్కు తింటున్నంతసేపూ ఎన్నయినా తక్కువే అనిపిస్తాయి. ఇంటికొచ్చి సంచి దింపాకే అసలు సంగతి తెలిసేది. పుల్లటివి దొరికితే మామిడికాయ లేని లోటు తీర్చుకోవడానికి పప్పులో వేసే తెలుగు ఇళ్ళున్నాయి, ఆవకాయ పెట్టేవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో మాత్రం ఈ ఆదివారం ముక్కల్ని పిండిలో కలిపి నూనెలో వేయించే ఫ్రిటర్లే.

బల్ల దగ్గర కూర్చుని చాకుతో ఆపిల్ తొక్క తీస్తున్నది మా అమ్మ. తణుకు నుంచి వచ్చి రెండు నెలలైంది. బరువని కత్తిపీట తెచ్చుకోనివ్వలేదన్న కోపం ఇంకా చల్లారలేదు.

"ఆస్పత్రికి పట్టుకెళ్ళే పండుని తీసుకొచ్చి నూనెలో వేయించడమేంటే?"

ఆవిడన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మన ఊళ్ళో ఆపిల్ అంటే స్టిక్కరు వేసుకుని, నురగ వలలో కూర్చుని, ఎవరికో ఆపరేషనైతే సంచిలో వెళ్ళే పండు. దాన్ని వండటమన్న ఆలోచనే మనకు రాదు. ఇక్కడ తోటల దగ్గర పుట్టినవాళ్ళకు పచ్చిగా తినేది ఒక రకం, వండేది ఇంకో రకం. ఆ తేడా తెలియకపోతే ఫ్రిటర్ మొదట్లోనే చెడుతుంది.

ఈ ముక్క నోట్లో వేసుకోండి. ఇది మెకింతోష్. కెనడాలోని ఒంటారియోలో మొదలైన రకం. తోలు దళసరి, లోపల మెత్తన, వాసన మాత్రం గదంతా నిండుతుంది. ఉడికితే గుజ్జయిపోతుంది. సాస్‌కి సరే, మనకు వద్దు. ఇప్పుడు ఇది. కొరగ్గానే చెంప లోపలివైపు రసం చిమ్మింది కదూ? హనీక్రిస్ప్. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు 1991లో బయటికి తెచ్చారు. దాని కణాలే పెద్దవి, అందుకే అంత రసం, అంత కరకర. పచ్చిగా తినడానికి దీన్ని మించింది లేదని మా పిల్లల తీర్పు. అంత రసమున్న పండుని నూనెలో వేయడమంటే నాకు మనసొప్పదు. మూడోది చూడండి, ఎరుపు చారల మధ్య కాస్త ఆకుపచ్చ మిగిలిన ఈ పెద్ద కాయ. నార్తర్న్ స్పై. న్యూయార్క్ రాష్ట్రం దీని పుట్టిల్లు. చాలా రకాల కోతలయ్యాక ఆలస్యంగా పండుతుంది. పులుపు ఉంది, కండ గట్టి, ఉడికినా ముక్క ముక్కలాగే నిలుస్తుంది. ఇది దొరక్కపోతే కొట్లో దొరికే పచ్చని గ్రానీ స్మిత్ నిశ్చింతగా వాడుకోవచ్చు.

మూడు కాయలు చాలు. చెక్కు తీసి, మధ్య గింజల గూడు తీసేసి, ఒక సెంటీమీటరు మించని ముక్కలు కోయాలి. అమ్మ కోసినవి చూడండి, స్కేలు పెట్టి కొలిచినట్టున్నాయి. ఇంతకంటే పెద్దవైతే పిండి వేగే లోపల ముక్క మగ్గదు. తురిమితే ఇంకా ప్రమాదం, గిన్నె అడుగున చెరువు తయారవుతుంది.

ఆపిల్‌లో నూటికి 85 పాళ్ళు నీళ్ళే. నన్నడిగితే ఫ్రిటర్ చేయడమంటే మొదటినుంచి చివరిదాకా ఆ నీళ్ళతో బేరమాడటమే. పూర్తిగా పోతే పండు పిప్పవుతుంది. పోకపోతే లోపల పచ్చిపిండి ముద్ద మిగులుతుంది. అందుకే ముక్కల మీద ఇప్పుడే పంచదార చల్లవద్దు. పంచదార పడిందంటే పది నిమిషాల్లో ముక్కలోని నీటిని బయటికి లాగేస్తుంది. రంగు మారకుండా అర చెంచా నిమ్మరసం చిలకరించి, పేపర్ టవల్ మీద పరిచి, పైన ఇంకో టవల్‌తో అద్దండి. చూశారా ఎంత తడిసిందో! ఇప్పుడొక చెంచా పొడి మైదా చల్లి చేత్తో ఎగరేస్తే ప్రతి ముక్కకీ పల్చని తెల్లటి పూత పట్టుకుంటుంది. పైన మిగిలిన చెమ్మను ఆ పూత పీల్చుకుంటుంది, పిండి ముక్కను వదిలి జారిపోకుండా పట్టుకునేదీ అదే.

ఇక పిండి. పెద్ద గిన్నెలో ఒకటిన్నర కప్పుల మైదా, పావు కప్పు పంచదార, రెండు చెంచాల బేకింగ్ పౌడర్, అర చెంచా ఉప్పు, ఒకటిన్నర చెంచాల దాల్చినచెక్క పొడి. జాజికాయ మాత్రం పొడి డబ్బాలోది కాదు, ఇదిగో ఈ కాయని సన్న తురుముపీట మీద నాలుగుసార్లు గీకండి. వాసన చూడండి. మనం కిళ్ళీలోనో, పసిపిల్లలకు అరగదీసో వాడే కాయ ఇక్కడ పండగ వంటల్లోకి వచ్చేసింది. ఇంకో గిన్నెలో రెండు గుడ్లు, మూడోవంతు కప్పు పాలు, కరిగించిన వెన్న రెండు పెద్ద చెంచాలు కలిపి గిలక్కొట్టి, ఆ తడిని ఈ పొడిలో పోసేయడమే.

ఇక్కడ అమ్మని కనిపెట్టుకుని ఉండాలి. చూడండి, అప్పుడే చెయ్యి గిన్నెలోకి వెళ్తోంది.

"అమ్మా, కొట్టకు! వదిలెయ్."

"ఉండలున్నాయే. మైసూర్ బోండా పిండి ఇలా వదిలేస్తే మీ నాన్న ప్లేటు కూడా ముట్టుకోరు."

బోండాకి ఆవిడ చెప్పిందే శాస్త్రం. మైదా, పెరుగు కలిపి చేత్తో గిరగిరా కొట్టి, సాగేదాకా కొట్టి, నానబెడితేనే గుండ్రంగా పొంగి, లోపల జాలీ పడుతుంది. మైదాని కొట్టేకొద్దీ దాంట్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ అల్లుకుని సాగుడు గుణం పెరుగుతుంది. బోండాకి అది కావాలి. ఫ్రిటర్‌కి అదే శత్రువు, తింటే రబ్బరు నమిలినట్టుంటుంది. కాబట్టి గరిటెతో పది పన్నెండు తిప్పులు తిప్పి, పొడి పిండి కనబడకపోతే ఆపేయాలి. ఉండలు ఉంటే ఉండనివ్వండి. ఇప్పుడు ముక్కలు వేసి, కింద నుంచి పైకి రెండు మూడుసార్లు తిరగేయండి. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకూడదు, ముద్దగా జారి పడాలి. గిన్నెలో పిండికన్నా ఆపిలే ఎక్కువ కనబడుతోందని కంగారుపడకండి. అలాగే ఉండాలి.

ఈ వంటేమీ అమెరికా వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంగ్లండు రాజు రెండో రిచర్డు వంటవాళ్ళు 1390 ప్రాంతంలో రాసిపెట్టిన 'ఫోర్మ్ ఆఫ్ క్యూరీ' అనే వంటల పుస్తకంలో ఆపిల్ ఫ్రిటర్లున్నాయి. అప్పటికి బేకింగ్ పౌడర్ లేదు కాబట్టి పొంగడానికి పిండిలో ఏల్ అనే బార్లీ బీరు, ఈస్టు పోశారు. గుడ్లు, కుంకుమపువ్వు కూడా కలిపి, నూనెలోనో కొవ్వులోనో వేయించి, పైన బాదంపాలు పోసి వడ్డించారు. ఈ మాట చెబితే అమ్మకు బీరు పట్టలేదు గానీ కుంకుమపువ్వు పట్టింది. "రాజుగారి డబ్బు, ఎన్నయినా వేస్తారు" అంది.

జాకెట్ జిప్పు పైకి లాక్కోండి, ఇంటి వెనక అరుగులాంటి డెక్ మీదికి పోదాం. మూకుడు ఇంట్లో పెడితే ముందు స్మోక్ అలారం కూస్తుంది. తరవాత వారం రోజులపాటు అల్మారాలో చొక్కాల నుంచి కూడా నూనె వాసనే. ఇక్కడి ఇళ్ళలో చాలావాటికి పొయ్యి పైన తిరిగే ఫ్యాను గాలిని బయటికి తోలదు, వడగట్టి మళ్ళీ ఇంట్లోకే వదులుతుంది. అందుకే వేపుళ్ళు ఎక్కువగా చేసే మన ఇళ్ళలో వెనకవైపు ఒక గ్యాస్ బర్నరు ఉంటుంది. గారెలైనా జంతికలైనా దాని మీదే. గోడ నుంచి దూరంగా, పైన కప్పు లేని చోట పెట్టాం. గాలి ఇటు వీస్తోంది కాబట్టి ఇనుప బేకింగ్ ట్రే ఒకటి అడ్డం నిలబెట్టాను. లేకపోతే మంట సగం పక్కింటి వాళ్ళకే. నూనె కనోలా. వేరుశనగ నూనె రుచే వేరు గానీ ఆ పక్కింటి అబ్బాయికి వేరుశనగ పడదు, ఈ పళ్ళెంలోవి కొన్ని ఆ ఇంటికీ వెళ్ళాలి.

మూకుడు అంచుకు తగిలించిన థర్మామీటరు 340 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తోంది. 365 దాకా రానివ్వాలి. చల్లటి పిండి పడగానే కొన్ని డిగ్రీలు దిగుతుంది, 350 దగ్గర నిలబడితే చాలు. అమ్మ మాత్రం ఆ సూది వైపు చూడటం లేదు. చిటికెడు పిండి వేసింది. అడుగుకు పోయి, ఆలోచించి, నెమ్మదిగా పైకొచ్చింది. "కాగలేదు" అంది. కొంతసేపు ఆగి ఇంకో చిటికెడు. వేసీ వెయ్యగానే చుట్టూ బుడగలతో తేలింది. "ఆఁ, వెయ్యి." సూది 366 మీద ఉంది.

పెద్ద చెంచాతో పిండి తీసుకుని, ఇంకో చెంచాతో నూనెకి దగ్గరగా తోసేయండి. ఎత్తు నుంచి వదిలితే మీ మణికట్టు మీద చిందుతుంది. వెనకవైపుతో కాస్త నొక్కితే పల్చబడుతుంది, అప్పుడే మధ్యదాకా వేగుతుంది. గుండ్రంగా రావాలని పట్టుబట్టకండి. ఆ కొసలూ మిట్టపల్లాలే దీని అందం, కరకరలాడేదీ అవే. వాయికి నాలుగు, అంతకుమించి వద్దు.

ఇప్పుడు మాట్లాడకుండా వినండి. మొదట చుయ్‌మని పెద్ద మోత, చుట్టూ గోలీలంత బుడగలు. ఆ మోత నూనెది కాదు, పిండి నుంచీ ఆపిల్ నుంచీ ఆవిరై పారిపోతున్న నీటిది. ఆవిరి అలా లోపల్నుంచి బయటికి నెడుతున్నంతసేపూ నూనెకు లోపలికి చోటు దొరకదు. రెండు నిమిషాలు దాటేసరికి అంచులు ఎరుపెక్కాయి, చూడండి. చిల్లుల గరిటెతో తిరగేయండి. పైకొచ్చిన వైపు తేనె రంగు, అక్కడక్కడ బయటికి పొడుచుకొచ్చిన ఆపిల్ ముక్కల మీద మాత్రం ముదురు మచ్చలు. పండులో చక్కెర మాడబోతోందన్న మాట, సెగ పెంచాలన్న ఆశ మానుకోండి. పెంచారా, పైన నల్లన, లోపల పచ్చి. ఇంకో రెండు నిమిషాలకు మోత సన్నగిల్లి చిటపటకు దిగింది, బుడగలు చిన్నవయ్యాయి. అమ్మ గరిటె అప్పటికే కిందికి వెళ్ళింది. గడియారం చూడలేదు, చెవితో తీసింది.

పేపర్ మీద వేయకండి, ఈ తీగల జల్లెడ మీద పెట్టండి. పేపర్ మీదైతే కింద ఆవిరి ఇరుక్కుని అడుగు మెత్తబడుతుంది. ఇందాకటి నుంచి తోలేస్తున్న నీటిని మళ్ళీ ఇంట్లోకి పిలిచినట్టే.

పైన వేసే తీపి పూతకి పెద్ద పనేమీ లేదు. ఒకటిన్నర కప్పుల పంచదార పొడిలో మూడు పెద్ద చెంచాల సైడర్, చిటికెడు ఉప్పు. సైడర్ అన్నానని అమ్మలాగే మీరూ అనుమానంగా చూడకండి. ఇక్కడ ఆ పేరుతో తోటల దగ్గర అమ్మేది వడకట్టని ఆపిల్ రసం, మత్తు ఏమీ ఉండదు. అరకప్పు రసాన్ని మూడు పెద్ద చెంచాలయ్యేదాకా మరిగించి పోశాను, రుచి చిక్కబడుతుంది. ఫ్రిటర్ చెయ్యి పట్టగలిగేంత వేడి మీద ఉండగా ముంచండి. మరీ వేడైతే పూత కరిగి ఇంకిపోతుంది, చల్లారిపోతే పైన తెల్లగా పేరుకుంటుంది.

ఒకటి విరవండి, కొరక్కండి. పైన పూత పలచని గాజులా పెళుసుగా పగిలింది. దాని కింద ముదురు గోధుమరంగు పెంకు, కాగితమంత మందం. లోపల పసుపుపచ్చని మెత్తని పిండి, ఆవిరి వస్తోంది, మధ్యమధ్య ఆపిల్ ముక్కలు దాదాపు పారదర్శకంగా మారాయి గానీ ఆకారం చెడలేదు. నాలిక మీద మొదట తీపి, వెంటనే నార్తర్న్ స్పై పులుపు, ఆ తరవాతెప్పుడో జాజికాయ. డోనట్ షాపుల్లో అరచెయ్యంత ఉండేవి కూడా ఫ్రిటర్లే గానీ వాటి దారి వేరు. అక్కడ ఈస్టుతో పొంగిన పిండిలో దాల్చినచెక్క, ఆపిల్ వేసి, కత్తితో అడ్డదిడ్డంగా తరిగి, మళ్ళీ ముద్ద చేసి, ఇంకోసారి పొంగాక వేయిస్తారు. మంచిదే. కానీ దాంట్లో ఆపిల్‌ని వెతుక్కోవాలి.

మా చిన్నది రెండోది అందుకుంది. అమ్మ పూత లేనిది అడిగి తీసుకుని, సగం తిని, ఇంకో సగం కూడా తిని, ఏమీ అనలేదు. ఆవిడ దగ్గర అది మెప్పే. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి రేపు ఓవెన్‌లో 350 డిగ్రీల మీద ఐదారు నిమిషాలు పెట్టండి. మైక్రోవేవ్ వద్దు, తడిసిన గుడ్డలా తయారవుతాయి.

చివరి వాయి దిగింది. బర్నరు కట్టేద్దామని చెయ్యి చాపితే అమ్మ ఆపింది. పక్క గిన్నెలో శనగపిండి ఎప్పుడు కలిపిందో తెలీదు. పొడుగు మిరపకాయలు చీల్చి సిద్ధంగా ఉన్నాయి.

"ఇంత నూనె పారబోస్తావా? రెండు వాయిలు బజ్జీలు వేసేస్తాను."

"దాల్చినచెక్క వాసన పట్టేసిందే అమ్మా నూనెకి."

"వాము దట్టించాను. వాము ముందు నీ దాల్చినచెక్క నోరెత్తదులే, జరుగు."