లిగ్నిన్ ఎలక్ట్రోడు

లిగ్నిన్ ఎలక్ట్రోడు అనగా కలపలో సహజంగా ఉండే లిగ్నిన్‌ను విద్యుద్వాహక పాలిమరుతో కలిపి తయారుచేసే బ్యాటరీ ఎలక్ట్రోడు. ఇందులో విద్యుదావేశాన్ని నిల్వ చేయడంలో లిగ్నిన్‌ది ముఖ్యపాత్ర కాగా, దానిని చేరవేసేది పాలిమరు.

లిగ్నిన్ లభ్యత

మొక్కల కణకవచాలకు గట్టిదనాన్నిచ్చే బృహదణువు లిగ్నిన్. ఎండుకలప బరువులో సుమారు 20 నుండి 30 శాతం వరకు ఇదే ఉంటుంది. కాగితపు గుజ్జు తయారీలో సెల్యులోజు పోగులను వేరుచేయగా లిగ్నిన్ ద్రవంలో మిగిలిపోతుంది. మిల్లులు ఇందులో అధికభాగాన్ని ఇంధనంగా మండిస్తాయి. సల్ఫైటు పద్ధతిలో మిగిలే గోధుమరంగు ద్రవం నుండి నీటిలో కరిగే లిగ్నోసల్ఫోనేటు లభిస్తుంది.

పనిచేయు విధానం

లిగ్నిన్‌లోని ఫినాల్ వలయాలు ఆక్సీకరణం చెందినపుడు క్వినోన్ సమూహాలు ఏర్పడతాయి. ఒక్కొక్క క్వినోన్ రెండు ఎలక్ట్రాన్లను, రెండు ప్రోటాన్లను గ్రహించి హైడ్రోక్వినోన్‌గా మారుతుంది. తిరిగి ఆక్సీకరణం చెందినపుడు వాటిని విడుదల చేస్తుంది. ఆవేశం నిల్వ కావడానికి ఈ ద్విగత చర్యయే ఆధారం. అయితే లిగ్నిన్ స్వతహాగా విద్యుద్బంధకం. కనుక లిగ్నోసల్ఫోనేటు సమక్షంలో పైరోల్‌ను పాలిమరీకరణం చేస్తారు. అప్పుడు ఏర్పడే పాలీపైరోల్ గొలుసులు లిగ్నిన్‌తో పెనవేసుకుని ఎలక్ట్రాన్లకు మార్గం కల్పిస్తాయి. పాలీపైరోల్‌పై గల ధనావేశాన్ని లిగ్నోసల్ఫోనేటులోని ఋణావేశ సల్ఫోనేటు సమూహాలు తుల్యం చేస్తాయి.

పరిశోధనలు

పోలండులోని పోజ్నాన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగోజ్ మిల్చారెక్, స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఊలె ఇంగనాస్ ఇటువంటి ధనధ్రువాన్ని రూపొందించి, 2012లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. 2024లో లింషోపింగ్ పరిశోధకులు జింకు, లిగ్నిన్‌లతో ఒక బ్యాటరీని ప్రకటించారు. ఇందులో లిగ్నిన్‌కు తోడుగా వాహక పాలిమరుకు బదులు కర్బనాన్ని వాడారు. 8000 సార్లు ఉపయోగించిన తరువాత కూడా అది దాదాపు 80 శాతం సామర్థ్యాన్ని నిలుపుకుంది.

ప్రయోజనాలు, పరిమితులు

అనేక లిథియం-అయాన్ బ్యాటరీల ధనధ్రువాలలో కోబాల్టు వంటి ఖనిజలోహాలు వాడతారు. లిగ్నిన్ మాత్రం ఏటేటా పెరిగే చెట్ల నుండి, అదీ కాగితపు పరిశ్రమ ఉపఉత్పత్తిగా, చౌకగా లభిస్తుంది. నీటి ఆధారిత విద్యుద్విశ్లేష్యాలతో పనిచేయడం వలన అగ్నిప్రమాద భయం తక్కువ.

వాడకుండా ఉంచినప్పటికీ ఆవేశం క్రమంగా తరిగిపోవడం వీటి ప్రధాన లోపం. చెట్టు జాతిని బట్టి, గుజ్జు తీసే పద్ధతిని బట్టి లిగ్నిన్ నిర్మాణం మారడం వలన అన్ని ఎలక్ట్రోడులు ఒకే విధంగా పనిచేయవు. సమాన బరువుకు ఇవి నిల్వచేసే శక్తి లిథియం-అయాన్ బ్యాటరీలకంటె తక్కువ. అందువలన బరువు ముఖ్యమైన వాహనాలకంటె, ఒకేచోట ఉంచి సౌరవిద్యుత్తు వంటివాటిని నిల్వచేయడానికి ఇవి ఎక్కువ అనువైనవి.