పనిలో స్వేచ్ఛ - శ్రామికుని సంతృప్తి: అహమదాబాద్ మిల్లు ప్రయోగం (1953)

1. ఉపోద్ఘాతం:

పారిశ్రామిక చరిత్రలో శ్రామికుల అసంతృప్తిని చాలాకాలం కూలిరేట్లు, పనిగంటల కోణం నుంచే పరిశీలించారు. 1918లో గాంధీజీ నాయకత్వంలో అహమదాబాద్ మిల్లు కార్మికులు చేసిన సమ్మె కూడా కూలి పెంపు కోసం సాగినదే. పనిని ఎవరు, ఏ క్రమంలో చేయాలో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు అందులో ప్రాధాన్యం లేదు. ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన శాస్త్రీయ నిర్వహణ సిద్ధాంతం ఆ అధికారాన్ని యాజమాన్యానికే అప్పగించింది. ఈ విభజనను ప్రశ్నించిన పరిశోధనల్లో లండన్‌లోని టావిస్టాక్ సంస్థ కృషి ముఖ్యమైనది.

2. బొగ్గుగనుల అనుభవం:

ఎరిక్ ట్రిస్ట్, కెన్ బామ్‌ఫర్త్ 1951లో బ్రిటన్ బొగ్గుగనులపై తమ అధ్యయనాన్ని ప్రచురించారు. బామ్‌ఫర్త్ పూర్వాశ్రమంలో గని కార్మికుడు. పాత పద్ధతిలో చిన్న జట్లు బొగ్గు తవ్వకం పనినంతా తామే చూసుకొనేవి. యంత్రాలతో వచ్చిన ‘లాంగ్‌వాల్’ పద్ధతి ఆ పనిని మూడు షిఫ్టుల మధ్య ముక్కలు చేసింది. ఒక షిఫ్టులో జరిగిన లోపం తరువాతి షిఫ్టు మీద పడేది. పరస్పర నిందలు, పనికి గైర్హాజరు కావడం ఆ వ్యవస్థ లక్షణాలయ్యాయి.

3. నేతశాలలో జట్లు:

ఇదే సమస్య అహమదాబాద్ కాలికో మిల్లులో మరో రూపంలో కనిపించింది. అక్కడ స్వయంచాలిత మగ్గాలు నెలకొల్పినా ఆశించిన ఫలితం రాలేదు. 1953లో టావిస్టాక్ పరిశోధకుడు ఎ.కె. రైస్ ఆ నేతశాలను పరిశీలించాడు. నేతగాళ్లు, కండెలు నింపేవారు, తెగిన పోగులు అతికేవారు, జాబర్లు, నూనె వేసేవారు, ఊడ్చేవారు - ఇలా పని 12 రకాలుగా విడిపోయింది. ఒక్కొక్కరికి అప్పగించిన మగ్గాల సంఖ్య వేరు. అందువల్ల ఒక నేతగాడికి పోగులు అతికే వ్యక్తి అదే సమయంలో మరికొందరికీ జవాబు చెప్పవలసి వచ్చేది. ఏ మగ్గానికీ పూర్తి బాధ్యత వహించే జట్టు లేదు.

కొన్ని మగ్గాలను ఒక జట్టుకు అప్పగించి, లోపలి పని పంపకాన్ని జట్టుకే వదలాలని రైస్ సూచించాడు. పర్యవేక్షకులు, కార్మికులు ఆ ఆలోచనను వెంటనే అందుకొని, జట్లను తామే కూర్చుకొన్నారు. తొలినాళ్లలో ఒడిదుడుకులు వచ్చినా, క్రమంగా ఉత్పత్తి పెరిగింది, గుడ్డ పాడవడం తగ్గింది. ఈ అనుభవాన్ని రైస్ 1958లో గ్రంథంగా వెలువరించాడు.

4. ప్రయోగానంతర స్థితి:

ఎరిక్ మిల్లర్ 1970లో ఆ మిల్లును తిరిగి పరిశీలించి, ఫలితాలను 1975లో ప్రచురించాడు. ఒక షెడ్డులో జట్టు పద్ధతి చెక్కుచెదరలేదు. మిగిలినచోట్ల క్రమంగా సడలిపోయింది. నేసే గుడ్డ రకాలు మారి, మార్కెట్ ఒత్తిడి పెరిగినప్పుడు జట్ల స్వేచ్ఛకు రక్షణ కొరవడింది.

5. ముగింపు:

జట్లను తామే కూర్చుకోవడానికి కార్మికులు చూపిన చొరవ ఈ ప్రయోగంలో గమనించదగిన అంశం. కూలి ఎంత అవసరమో, చేతిలోని పనిపై అదుపు కూడా అంతే అవసరమని అది సూచిస్తుంది. అయితే స్వేచ్ఛ ఒకసారి ఇస్తే నిలిచిపోయే వరం కాదు. పని పూర్తిగా జట్టు చేతిలో ఉన్నంతకాలమే ఆ స్వేచ్ఛ సంతృప్తినిస్తుంది. ఒత్తిడి వచ్చినప్పుడు మొదట కోతపడేది ఆ స్వేచ్ఛకే అని మిల్లర్ పరిశీలన హెచ్చరిస్తున్నది.